బదరీవృక్షము క్రింద ప్రవక్త

పాఠ్యభాగము: 1 రాజులు 19:1–18
తోడి పఠనము: 1 సమూయేలు 1:9–18, యోబు 2:11–13, కీర్తన 88, 2 కొరింథీయులకు 1:8–11, 7:5, 6
కంఠస్థము చేయవలసిన వాక్యము: కీర్తన 34:18
ముఖ్యాంశము: మనస్సునకు వచ్చు వ్యాధియు వ్యాధియే. దానిని బట్టి రోగి గాని, రోగి కుటుంబము గాని సిగ్గుపడవలసిన పని లేదు. దేవుడు ఏలీయాను ఆదరించిన క్రమమే సంఘము అనుసరింపవలసిన క్రమము.

ఉపోద్ఘాతము

ఒక క్రైస్తవ గృహములో తండ్రికి టైఫాయిడు జ్వరము వచ్చినదనుకొనుడి. ఆదివారము నాటికి ఆ సంగతి సంఘమంతటికి తెలియును. ఆరాధనలో ఆయన పేరు చెప్పి ప్రార్థన చేయుదురు. సాయంకాలమునకు స్త్రీల సమాజము వారు రొట్టెయు, పండ్లును, హార్లిక్సు సీసాయు పట్టుకొని వత్తురు. పాదిరిగారు మంచము ప్రక్కన కూర్చుండి కీర్తన చదువుదురు. జ్వరము తగ్గిన పిమ్మట ఆ కుటుంబము కృతజ్ఞతార్పణ చెల్లించును.

అదే వీధిలో మరియొక గృహమున, కళాశాలలో చదువు కుమార్తె మూడు వారములుగా నిద్రలేక, అన్నము ముట్టక, గోడవైపు తిరిగి పండుకొని యున్నది. ఈ ఇంటి తలుపు మూసియుండును. గుడికి రాలేదేమని ఎవరైన అడిగినచో, "తలనొప్పి అండీ, రెండు రోజులలో తగ్గిపోవును" అని తల్లి చెప్పును. ఆమె అబద్ధమాడు స్వభావము గలది కాదు, భయపడుచున్నది. పెండ్లి కావలసిన పిల్ల. సంగతి నలుగురి చెవిని పడినచో సంబంధములు రావేమో, చిన్నదానికి కూడ రావేమో యని ఆమె భయము. కావున రొట్టె రాదు, పండ్లు రావు, ప్రార్థన కూడ రాదు. రెండు ఇండ్లలోను రోగమే యున్నది గాని, ఒక ఇంట రోగము మాత్రమే యున్నది. రెండవ ఇంట రోగముతో కూడ నిందయు కాపురమున్నది.

ఈ నింద ఒక్క తెలుగువారిది మాత్రమే కాదు. ఉత్తర భారతదేశములో ఎవరినైన ఎగతాళి చేయవలెనన్న "రాంచీకి పంపవలెను", "ఆగ్రాకు పంపవలెను" అందురు. మద్రాసులో కీల్పాక్ పేరు చెప్పుదురు. హైదరాబాదులో ఎర్రగడ్డ పేరు చెప్పుదురు. ఇవన్నియు రోగులకు వైద్యము చేయు ఆసుపత్రులున్న స్థలములు. క్షయరోగపు ఆసుపత్రి పేరు చెప్పి ఎవరును నవ్వరు. మనోవ్యాధి ఆసుపత్రి పేరు మాత్రము తిట్టుగా మారినది. తిట్టుగా మారిన చోటికి తన బిడ్డను తీసికొనిపోవుటకు ఏ తల్లికి కాళ్లు వచ్చును?

అట్టి తల్లికిని, అట్టి కుమార్తెకును, వారి చుట్టునున్న సంఘమునకును ఏలీయా చరిత్రలో గొప్ప ఆదరణ దాగియున్నది.

1. అలసిన ప్రవక్త

కర్మెలు పర్వతము మీద బయలు ప్రవక్తలు నాలుగువందల ఏబదిమంది యెదుట ఏలీయా ఒంటరిగా నిలిచెను. ఆకాశమునుండి అగ్ని దిగెను. మూడు సంవత్సరముల అనావృష్టి తరువాత వర్షము కురిసెను. ఆయన అహాబు రథమునకు ముందుగా యెజ్రెయేలు వరకు పరుగెత్తెను. విశ్వాసమునకు ఇంతకంటె గొప్ప నిదర్శనము పాత నిబంధనలో అరుదు.

దాని తరువాతి అధ్యాయములోనే ఆ ప్రవక్త యెజెబెలు పంపిన ఒక్క వర్తమానమునకు జడిసి పారిపోయెను. బెయేర్షెబాలో తన దాసుని విడిచి, ఒంటరిగా ఒక దినప్రయాణము అరణ్యములోనికి పోయి, బదరీవృక్షము క్రింద కూలబడి, మరణము కావలెనని దేవుని అడిగెను. ఆయన పలికిన మాటలలో మూడు సంగతులు కనబడుచున్నవి: ఇక చాలునను అలసట, తాను పితరులకంటె మేలైనవాడు కాడను ఆత్మనింద, తాను ఒక్కడే మిగిలితినను ఒంటరితనము. కుంగిపోయిన మనస్సు ఏ కాలమందైనను, ఏ భాషలోనైనను ఈ మూడు మాటలే పలుకును.

ఏలీయా స్థితికి నేటి వైద్యులు ఏ పేరు పెట్టుదురో లేఖనము చెప్పదు. చెప్పవలసిన అవసరమును లేదు. అయితే ఒక సంగతి మాత్రము స్పష్టము. ఆయన ప్రార్థన లేనివాడు కాడు. ఆయన ప్రార్థనను గూర్చి యాకోబు పత్రిక ప్రత్యేకముగా చెప్పుచున్నది. ఆయన రహస్యపాపములో నున్నవాడును కాడు. "ప్రార్థన తక్కువగుటచేత మనస్సు కుంగినది" అను మాట ఏలీయా విషయములో నిలువదు. ఆ మాట పొరుగింటి కుమార్తె విషయములో మాత్రము ఎట్లు నిలుచును?

ఏలీయా ఒక్కడే కాడు. మోషే జనుల భారము మోయలేక మరణము కోరెను (సంఖ్యాకాండము 11:14, 15). యిర్మీయా తాను పుట్టిన దినమును శపించెను (యిర్మీయా 20:14–18). ఆసియలో తనకు కలిగిన శ్రమవలన బ్రదుకుదుమను ఆశయే విడిచినట్లు పౌలు వ్రాసెను (2 కొరింథీయులకు 1:8). కీర్తనలలో అనేకము దుఃఖముతో ఆరంభమై స్తోత్రముతో ముగియును. ఎనుబది యెనిమిదవ కీర్తన మాత్రము చీకటిలోనే ఆరంభమై చీకటిలోనే ముగియును. దేవుడు దానిని పరిశుద్ధ గ్రంథమునుండి తీసివేయలేదు. స్తుతి పలుకుటకు శక్తి లేని రోగికి కూడ తన మాటగా పలుకుకొనుటకు ఒక కీర్తన దేవుని గ్రంథములో భద్రపరచబడి యున్నది.

2. దేవుడు ఆదరించిన క్రమము

దేవుడు ఏలీయా యెడల ఏమి చేసెనో, ఏ క్రమములో చేసెనో జాగ్రత్తగా గమనింపదగినది.

మొదట దేవదూత ఆయనను తాకెను. తరువాత నిప్పులమీద కాల్చిన అప్పమును, నీళ్ల బుడ్డియు ఆయన తలదగ్గర కనబడెను. ఆయన తిని, త్రాగి, మరల పండుకొనెను. దేవదూత ఆయనను నిద్రపోనిచ్చెను. రెండవమారు తాకి లేపి, శక్తికి మించిన ప్రయాణము ఎదుట నున్నదని చెప్పి మరల భోజనము పెట్టెను. ఇంతవరకు ఒక్క ఉపదేశమును లేదు, ఒక్క గద్దింపును లేదు. దేహమునకు కావలసినవి మొదట వచ్చినవి: స్పర్శ, ఆహారము, నిద్ర.

రెండవది, దేవుడు వినెను. హోరేబు గుహలో ఏలీయా తన మనోవేదనను చెప్పుకొనెను. గాలి, భూకంపము, అగ్ని గడచిన తరువాత దేవుడు అదే ప్రశ్న వేయగా ఏలీయా అదే సమాధానము అక్షరము మారకుండ మరల చెప్పెను. దుఃఖములో నున్నవాడు చెప్పినదే చెప్పును. వినువారు విసుగుకొందురు. దేవుడు విసుగుకొనలేదు.

మూడవది, దేవుడు మెల్లని స్వరముతో మాటలాడెను. కర్మెలు మీద అగ్నితో ఉత్తరమిచ్చిన దేవుడు, నలిగిన సేవకునితో మాత్రము అగ్నిలోనుండి మాటలాడలేదు. అతిబిగ్గరగా చేయు ఉపదేశము నలిగిన మనస్సునకు మందు కాదు.

నాలుగవది, దేవుడు ఆయనకు చేయదగిన పనిని, తోడును ఇచ్చెను. హజాయేలును, యెహూను, ఎలీషాను అభిషేకింపుమని చెప్పెను. ఎలీషా ఆయనకు పరిచారకుడాయెను. తాను ఒక్కడే మిగిలితినని తలంచిన వానికి, బయలుకు మోకాలు వంచని ఏడువేలమంది యున్నారని తెలిపెను. ఈ దిద్దుబాటు అన్నము, నిద్ర, వినుట, నెమ్మది మాట, వీటి తరువాత వచ్చినది. ముందుగా వచ్చియుండినచో ఏలీయా చెవికి ఎక్కియుండెడిది కాదు.

సంఘములు సాధారణముగా ఈ క్రమమును తలక్రిందులు చేయుచున్నవి. ఉపదేశము మొదట వచ్చును. అప్పము కొన్నిసార్లు రానే రాదు.

3. నింద పుట్టు విధము

నింద సాధారణముగా క్రూరత్వములో పుట్టదు; తొందరపాటు తీర్పులో పుట్టును. హన్నా మనోదుఃఖముచేత పెదవులు కదల్చుచు మందిరములో ప్రార్థించుచుండగా, యాజకుడైన ఏలీ ఆమెను త్రాగి మత్తురాలైనదని తలంచెను. ఏలీ దుష్టుడు కాడు, మందిరములో అనుభవశాలి. అయినను దుఃఖమును చూచి పాపమని చదివెను. హన్నా తన సంగతి చెప్పిన తరువాత ఆయన తన మాట మార్చుకొని ఆశీర్వదించెను. తప్పు తీర్పు తీర్చిన పెద్దలు ఏలీవలె మార్చుకొనుట సిగ్గు కాదు.

యోబు స్నేహితులను సాధారణముగా దూషింతురు గాని, వారు మొదట చేసినది మంచి పని. ఏడు పగళ్లును ఏడు రాత్రులును నేల కూర్చుండి, అతని బాధ గొప్పదని తెలిసికొని మాటలాడక యుండిరి. కారణము చెప్పుటకు నోరు తెరచిన దినమున వారు చెడిరి. పుట్టుగ్రుడ్డివానిని చూచి పాపము చేసినది వీడా, వీని తల్లిదండ్రులా యని శిష్యులు అడిగినప్పుడు (యోహాను 9:1–3) ప్రభువు ఆ రెండును కాదనెను. రోగి యెదుట ఎవరి తప్పు అను ప్రశ్న వేయుటను ప్రభువే తప్పించెను.

"ఇది దయ్యము" అను మాటను గూర్చి కూడ ఒక సంగతి చెప్పవలసి యున్నది. ప్రభువునొద్దకు తేబడినవారిని మత్తయి సువార్త 4:24 లెక్కించునప్పుడు దయ్యముపట్టినవారిని, చాంద్రరోగులను, పక్షవాయువు గలవారిని వేరువేరుగా చెప్పినది. వ్యాధిని వ్యాధిగా గుర్తించుటకు సువార్తికుడు వెనుదీయలేదు. కనుక నిద్ర పట్టని వారందరిని, వినబడని స్వరములు వినువారందరిని దయ్యముపట్టినవారని ప్రకటించుట లేఖనమునకు లోబడుట కాదు. అట్లు ప్రకటించినందున వైద్యునియొద్దకు పోవలసిన రోగి నెలలు, సంవత్సరములు ఆలస్యము చేయును. ఆలస్యమైన కొలది వ్యాధి ముదురును.

4. మిషను చరిత్రనుండి రెండు జీవితములు

భారతదేశ మిషను చరిత్రలో విలియం కేరీ పేరు తెలియని క్రైస్తవుడుండడు. ఆయన భార్య డొరోతీ పేరు తెలిసినవారు కొద్దిమంది. 1793లో ఆమె భర్తతోను పిల్లలతోను బెంగాలునకు వచ్చెను. మరుసటి సంవత్సరము అయిదేండ్ల కుమారుడు పీటర్ జబ్బుతో మరణించెను. తరువాత ఆమె మనస్సు చెదరినది. భర్తపై లేని అనుమానములు పడెను. ఆ స్థితిలో పండ్రెండు సంవత్సరములు గడిపి, 1807లో శ్రీరాంపూరులో మరణించెను. అదే ఇంట కేరీ పరిశుద్ధ గ్రంథమును భాషాంతరము చేయుచుండెను. ఆ దినములలో అట్టి వ్యాధికి మందు లేదు. గదిలో ఉంచి కనిపెట్టుట తప్ప వేరొక ఉపాయము ఎవరికిని తెలియదు. చాలకాలము వరకు కేరీ చరిత్ర వ్రాసినవారు ఆమెను గూర్చి కొద్దిగానో, కఠినముగానో వ్రాసి ముందుకు సాగిరి. బిడ్డను పోగొట్టుకొని పరదేశములో రోగియైన ఒక తల్లిగా ఆమెను చూచినవారు ఆలస్యముగా వచ్చిరి. నింద మరణించినవారిని కూడ విడువదు.

రెండవ జీవితము ఇ. స్టాన్లీ జోన్సుది. ఆయన 1907లో అమెరికానుండి లక్నోకు వచ్చిన మెథడిస్టు మిషనరీ. ఎనిమిది సంవత్సరములకు పైగా విరామము లేక పనిచేసిన పిమ్మట ఆయన నరములు సడలి కూలిపోయెను. సెలవుమీద స్వదేశమునకు పోవుచు ఓడలో ప్రసంగించుచుండగా మరల కూలెను. విశ్రాంతి తీసికొని తిరిగి వచ్చినను, కొండప్రదేశములనుండి మైదానములకు దిగినప్పుడెల్ల అదే స్థితి. సేవ విడిచి స్వదేశమునకు పోయి ఏదైన పొలములో పని చేసికొని ఆరోగ్యము సంపాదింపవలెనేమో యని ఆయన తలంచెను. అట్టి దినములలో లక్నోలో ఒకనాడు ప్రార్థించుచుండగా తన భారమును ప్రభువునకు అప్పగించి, నూతన బలము పొందితినని ఆయన సాక్ష్యమిచ్చెను. 1925లో ప్రచురింపబడిన "ది క్రైస్ట్ ఆఫ్ ది ఇండియన్ రోడ్" అను గ్రంథములో ఆయన ఈ సంగతిని దాచక వ్రాసెను. ఆ తరువాత అర్ధశతాబ్దమునకు పైగా సేవచేసి 1973లో బరేలీలో నిద్రించెను.

ఈ సాక్ష్యము చాల సంఘములలో చెప్పబడుచున్నది. దాని రెండవ భాగము అంతగా చెప్పబడుట లేదు. ప్రార్థనలో స్వస్థత పొందిన ఆ మనుష్యుడే 1950లో లక్నోలో నూర్ మంజిల్ అను మనోవైద్య కేంద్రమును స్థాపించెను. నూర్ మంజిల్ అనగా వెలుగు గృహము. "నేను ప్రార్థించి బాగుపడితిని, మీరును అట్లే బాగుపడుడి" అని ఆయన రోగులను పంపివేయలేదు. తనకు ప్రభువు ప్రార్థనలో చేసిన మేలును, ఇతరులకు ప్రభువు వైద్యుని చేతిద్వారా చేయగలడని ఆయన నమ్మెను. ప్రార్థనకును వైద్యమునకును పోరు పెట్టువారు ఈ మనుష్యుని రెండు పనులను కలిపి చూడవలెను. పౌలు తోటి ప్రయాణికుడైన లూకా వైద్యుడే గదా.

5. తోడుండుటవలన కలుగు మేలు

1950 తరువాతి దశాబ్దములో అమృతసర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఒక క్రొత్త పని ఆరంభించెను. రోగులను ఆసుపత్రిలో విడిచిపోవుట అప్పటి వాడుక. ఆయన ఆసుపత్రి ఆవరణములో గుడారములు వేయించి, రోగుల బంధువులను వారితోనే యుండనిచ్చెను. బంధువులు కండ్లార చూచి వ్యాధి ఎట్టిదో నేర్చుకొనిరి; భయము తగ్గెను; రోగులు త్వరగా కోలుకొని తమ ఇండ్లకు తిరిగిపోయిరి. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల 1957లో ఆరంభించిన మానసిక ఆరోగ్య కేంద్రములో కూడ కుటుంబ సభ్యుడు రోగితో నుండుట పద్ధతిగా నెలకొన్నది. దక్షిణదేశమునుండి అనేక తెలుగు కుటుంబములు అక్కడికి పోయి, రోగి ప్రక్కన చాప వేసికొని పండుకొని, అన్నము వండిపెట్టి, బాగుపడిన తమవారిని ఇంటికి తెచ్చుకొన్నవి. బదరీవృక్షము క్రింద దేవదూత చేసిన పనియు ఇట్టిదే.

దీనికి విరుద్ధమైన దృశ్యము 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులో రామనాథపురము జిల్లా ఏర్వాడిలో కనబడెను. ఒక ప్రైవేటు ఆశ్రయములో సంకెళ్లతో కట్టివేయబడిన మనోరోగులు అగ్నిప్రమాదము నుండి పారిపోలేక 28 మంది మరణించిరి. ఆ సంకెళ్లను ఒక మతమునకు గాని, ఒక ఊరికి గాని అంటగట్టి చేతులు కడుగుకొనుట న్యాయము కాదు. కుటుంబములు సిగ్గుచేత తమవారిని దూరముగా విడిచిన చోటనెల్ల, వైద్యమునకు బదులు భయము ఏలిన చోటనెల్ల, అట్టి సంకెళ్లు సిద్ధముగా నుండును.

2017లో భారత పార్లమెంటు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమును ఆమోదించెను. 2018లో అది అమలులోనికి వచ్చెను. మనోరోగిని సంకెళ్లతో బంధింపరాదని ఆ చట్టము నిషేధించినది. ప్రభుత్వ సేవలలో చికిత్స పొందుట ప్రతివాని హక్కని చెప్పినది. ప్రాణము తీసికొన ప్రయత్నించినవాడు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నుండెనని భావించి అతనికి సంరక్షణ చూపుట ప్రభుత్వ బాధ్యతయని నిర్ణయించినది. దేశచట్టమే శిక్షకు బదులు సంరక్షణ నేర్చుకొనినప్పుడు, కృపను ప్రకటించు సంఘము వెనుకబడి యుండుట తగదు.

6. వ్యాధిని గుర్తించుట

బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015–16 సంవత్సరములలో పండ్రెండు రాష్ట్రములలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపెను. పదునెనిమిది సంవత్సరములు నిండినవారిలో నూటికి 10.6 మంది ఆ సమయమున ఏదో ఒక మానసిక వ్యాధితో నున్నారని తేలినది. చికిత్స పొందనివారు, వ్యాధిని బట్టి, నూటికి 70 మొదలు 92 వరకు ఉన్నారు. అనగా ఆదివారము ఆరాధనకు వంద మంది పెద్దలు కూడిన గుడిలో పదిమంది వరకు ఇట్టి బాధతో కూర్చుండి యుండవచ్చును. వారిలో అధికులు ఎవరితోను చెప్పలేదు, ఏ వైద్యుని చూడలేదు.

దుఃఖమంతయు వ్యాధి కాదు. మరణము, నష్టము కలిగినప్పుడు ఏడ్చుట సహజము; ప్రభువును కన్నీళ్లు విడిచెను. అయితే రెండు వారములకు మించి ప్రతిదినము మనస్సు కుంగియుండుట, ఏ పనియందును ఆసక్తి లేకుండుట, నిద్రయు ఆకలియు చెడిపోవుట, తాను ఎందుకును పనికిరానని తలంచుట, మరణపు తలంపులు వచ్చుట, ఇవి కలిసి కనబడినచో వైద్యుని చూడవలెను. కాన్పు అయిన తల్లికి ఇట్టి స్థితి వచ్చినచో, అది బిడ్డయెడల ప్రేమ లేకపోవుట కాదు, చికిత్స చేయదగిన వ్యాధి. ఇతరులకు వినబడని స్వరములు వినుట, అకారణముగా అందరిని అనుమానించుట, కొన్ని దినములు నిద్రయే లేక మితిమీరిన ఉత్సాహముతో నుండుట, ఇవి వేరు వ్యాధుల లక్షణములు, వాటికిని మందులున్నవి.

కొన్నిసార్లు థైరాయిడు లోపము వంటి దేహవ్యాధి మనస్సును కూడ కుంగదీయును. వైద్యుడు పరీక్షించి కనుగొనును. కుంగుబాటునకు ఇచ్చు మందులు ఒక దినములో పనిచేయవు. మేలు కనబడుటకు కొన్ని వారములు పట్టును. మేలు కనబడినంతనే మందు మానివేయుట ప్రమాదము. ఎప్పుడు తగ్గించవలెనో, ఎప్పుడు మానవలెనో వైద్యుడే చెప్పవలెను. మధుమేహమునకు ప్రతిదినము మాత్ర వేసికొను విశ్వాసిని ఎవరును అవిశ్వాసి అనరు. మనస్సునకు మాత్ర వేసికొను విశ్వాసిని మాత్రము ఎందుకు అనవలెను?

7. సంఘము చేయవలసినది

మొదటిది, నాలుకను కాచుకొనవలెను. "పిచ్చి", "మెంటల్" అను మాటలను వేళాకోళమునకు కూడ వాడకుండుటను ఆదివారపు బడి పిల్లలకు నేర్పవలెను. అట్టి మాట విన్న దినమున, వెనుక బల్లమీద కూర్చున్న ఒక తల్లి తన సంగతి ఎవరితోను చెప్పకూడదని నిశ్చయించుకొనును.

రెండవది, జ్వరము వచ్చిన ఇంటికి పోయినట్లే ఈ ఇంటికిని పోవలెను. గుంపుగా పోనక్కరలేదు, ఒకరిద్దరు చాలును. చేతిలో ఉపదేశము కాక అన్నపు క్యారియరు పట్టుకొని పోవలెను. దిగులుపడినవారిని ఆదరించు దేవుడు తీతు రాకచేత తనను ఆదరించెనని పౌలు చెప్పెను (2 కొరింథీయులకు 7:6). తీతు తెచ్చిన వర్తమానము తరువాతి మాట. ముందుగా తీతు వచ్చెను.

మూడవది, విన్న సంగతిని దాచవలెను. ప్రార్థన విన్నపము పేరిట ఒకరి రోగమును ఊరంతట చాటుట ప్రేమ కాదు. రోగి అనుమతితో మాత్రమే పేరు చెప్పి ప్రార్థింపవలెను.

నాలుగవది, వైద్యునియొద్దకు తోడుగా పోవలెను. ఒంటరిగా ఎర్రగడ్డకు పోవుటకు కాళ్లు రాని తల్లికి, సంఘపెద్ద భార్య ఒకతె తోడు నడచినచో సగము సిగ్గు ఆ దారిలోనే రాలిపోవును. ఫోనులో సహాయము కావలసినవారికి కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ఆరంభించిన టెలీ మానస్ సేవ యున్నది. 14416 అను సంఖ్యకు రాత్రింబగళ్లు ఎప్పుడైనను, తెలుగులోను, రుసుము లేకయే మాటలాడవచ్చును.

అయిదవది, ఎవరైన బ్రదుకుమీద విసుగు మాటలు పలికినచో వాటిని తేలికగా తీసికొనరాదు. మరణపు తలంపులు వచ్చుచున్నవా యని మృదువుగా, సూటిగా అడుగవచ్చును. అడిగినందున ఆ తలంపు పుట్టదు, దాచినది బయటపడి భారము తగ్గును. అట్టివారిని ఒంటరిగా విడువరాదు. పురుగుమందులు మొదలగు ప్రమాదకరమైనవి వారికి అందకుండ తీసివేసి, ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఏలీయా తన దాసుని విడిచి ఒంటరియైన దినముననే మరణమును అడిగెనని మరువరాదు.

ఆరవది, సంఘసేవకులను కూడ ఈ విషయమున కాపాడవలెను. ఏలీయా, స్టాన్లీ జోన్సు ఇద్దరును సేవలో అలసినవారే. విశ్రాంతి లేని పాదిరిగారిని చూచి సంఘము గర్వించుటకంటె, ఆయనకు సెలవు ఇచ్చుట మేలు. ఆయన నిద్రపోవుచున్నాడో లేదో అడుగువారు ఒకరైన సంఘములో నుండవలెను.

ముగింపు

కోలుకొనుట అందరికి ఒకే రీతిగా రాదు. కొందరు కొన్ని నెలలలో బాగుపడుదురు. కొందరికి వ్యాధి మరల మరల వచ్చును. కొందరు జీవితమంతయు మందు వేసికొనుచునే చదువు చెప్పుదురు, సంసారము నడుపుదురు, పాటలు పాడుదురు. నిద్ర లేచినంతనే ఏలీయా హోరేబు చేరలేదు. ఆ దారి నలువది దినములు పట్టెను. ఆ నలువది దినములలో ఆయన అలసటను దేవుడు ఒక్కమారైనను ఎత్తిపొడవలేదు. ఆయన ప్రవక్త పదవి పోలేదు. బదరీవృక్షము క్రింద మరణము అడిగినవాడు మరణము చూడకయే కొనిపోబడెను (2 రాజులు 2:11). నిరాశలో ఆయన చేసిన ఆ ఒక్క ప్రార్థనను దేవుడు దయచేతనే నెరవేర్చలేదు.

ఆ మూసిన ఇంటి తలుపు లోపల గోడవైపు తిరిగి పండుకొనిన కుమార్తె దేవుని దృష్టికి దూరముగా లేదు. ఆమెకు మొదట అందవలసినది తీర్పు కాదు. తలదగ్గర ఒక అప్పము, ఒక నీళ్ల బుడ్డి, తాకి లేపు ఒక మృదువైన చేయి. తల్లి భయపడక తలుపు తీయగల సంఘము ఏ ఊరిలో నుండునో, ఆ ఊరిలో ఏలీయా దేవుడు ఇప్పటికిని పనిచేయుచున్నాడు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. దేవుడు ఏలీయాను ఆదరించిన నాలుగు మెట్లు ఏవి? సంఘము సాధారణముగా ఏ మెట్టును విడిచిపెట్టుచున్నది?
2. ఏలీ హన్నా విషయములో చేసిన తప్పు ఏది? దానిని ఆయన ఎట్లు సరిచేసికొనెను?
3. ప్రార్థనలో బలము పొందిన స్టాన్లీ జోన్సు మనోవైద్య కేంద్రమును ఎందుకు స్థాపించియుండును?
4. ఎనుబది యెనిమిదవ కీర్తన పరిశుద్ధ గ్రంథములో నుండుట రోగికి ఎట్టి ఆదరణ నిచ్చును?
5. మీ సంఘములో ఈ వారమున ఎవరి ఇంటి తలుపు మూసియున్నది? అక్కడికి ఎవరు, ఏమి పట్టుకొని పోవలెను?